ఊపిరికీ సంతకం పెట్టాలి!

సముద్రం అడుగున కాసేపు ఎక్కువ ఉండాలంటే మామూలు గాలి చాలదు. ఆక్సిజన్ పాలు పెంచిన ‘నైట్రాక్స్’ కావాలి. దాన్ని పీల్చడానికి ముందు ఓ పాఠం చదవాలి, పరీక్ష రాయాలి, ఆ తర్వాత ప్రతి సిలిండర్‌కీ సొంతంగా లెక్క కట్టి సంతకం చేయాలి. అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో ఆ పాఠం ఎలా సాగుతుందంటే...

అండమాన్‌లో సూర్యుడికి తొందరెక్కువ. మన ఊళ్లలో జనం ఇంకా దుప్పట్లోనే ఉండే ఐదింటికల్లా అక్కడ తెల్లారిపోతుంది. హేవ్‌లాక్‌లో ఓ డైవింగ్ సెంటర్ వెనకాల, కొబ్బరిచెట్ల కింద సిలిండర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటి ముందు విశాఖపట్నం నుంచి వచ్చిన ఓ తండ్రీ కూతురూ గొంతుక్కూర్చున్నారు. ఆయనకు యాభై దాటాయి. ఆ అమ్మాయి ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. ఆమె చేతిలో సబ్బుపెట్టె అంత పరికరం, దానికో సన్నటి గొట్టం. సిలిండర్ మూత కొద్దిగా తిప్పింది. ‘సుయ్’మంటూ గాలి బయటికొచ్చింది. పరికరం మీద అంకెలు గబగబా మారి ఒకచోట ఆగాయి.

36.1.

ఉండాల్సింది 32.

‘‘నాలుగే కదమ్మా తేడా. దానికేం అవుతుంది?’’ అన్నాడు తండ్రి.

కూతురు మాట్లాడలేదు. పరికరాన్ని మామూలు గాలికి పెట్టి సరిచూసుకుని, మళ్లీ సిలిండర్‌కి పట్టించింది. మళ్లీ అదే అంకె. ఇంకో గంటలో పడవ బయల్దేరాలి. ఆ రోజు వాళ్లు దిగాలనుకున్న చోటు లోతు 30 మీటర్లు. అంటే పదంతస్తుల మేడంత!

ఆ నాలుగు శాతంలో ఏముందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

అన్నీ నంబర్ల బీచ్‌లే

పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఫెర్రీ ఎక్కితే ఒకటిన్నర నుంచి రెండున్నర గంటల్లో హేవ్‌లాక్. ఓ ఆంగ్లేయ సేనాని పేరు అది. 1943లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగరేసిన ఘట్టానికి 75 ఏళ్లు నిండిన సందర్భంగా 2018 డిసెంబరులో దాన్ని స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. అయినా ఫెర్రీల దగ్గర జనం నోట పాత పేర్లు పోలేదు.

దేశ విభజన తర్వాత తూర్పు పాకిస్థాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు ఇక్కడ భూములిచ్చారు. అందుకే ఊళ్ల పేర్లు గోవింద్‌నగర్, విజయ్‌నగర్, రాధానగర్. బీచ్‌లకు మాత్రం నంబర్లు! విజయ్‌నగర్ది అయిదు, రాధానగర్ది ఏడు. ఆ ఏడో నంబరు బీచ్‌నే 2004లో ‘టైమ్’ పత్రిక ఆసియాలో అత్యుత్తమమైందని రాసింది. అక్కడి నుంచే దీవి దశ తిరిగింది. సముద్రంలో ఈదే రాజన్ అనే ఏనుగును చూడ్డానికి కూడా చాలామంది వచ్చేవారు. 2016లో అది కన్నుమూసింది.

అండమాన్‌లో తెలుగు వినపడటం వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వందమందిలో 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలూ వాళ్లలో ఉన్నాయి. విశాఖ రేవు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడ కూడా ఉంది. అప్పుడప్పుడు బయల్దేరే ఆ ఓడలో రెండు రోజులకు పైనే ప్రయాణం.

ఇక నీళ్ల కింద హేవ్‌లాక్ మరో లోకం. లైట్‌హౌస్, అక్వేరియం, బారాకుడా సిటీ, జాక్సన్స్ బార్, జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్... డైవర్లు పెట్టుకున్న పేర్లివి. కొన్ని మోకాలి లోతు ఇసుక దాటి నాలుగు అడుగులు ఈదితే వస్తాయి. కొన్నింటికి పడవలో చాలాదూరం పోవాలి. ఆ దూరం పోయేవాటికే లోతెక్కువ, అందమూ ఎక్కువ. చిక్కు కూడా అక్కడే!

సోడా బుడ్డి కథ

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. మిగతాదంతా దాదాపుగా నైట్రోజనే. నేలమీద ఉన్నంతసేపూ ఈ నైట్రోజన్ ఎవరి జోలికీ రాదు. లోపలికెళ్లినట్టే బయటికొచ్చేస్తుంది. నీళ్లలో దిగితే అలా కాదు. ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 30 మీటర్ల లోతులో పీడనం పైనున్నదానికి నాలుగింతలు. ఆ ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, కండరాల్లో కరిగిపోతుంది.

అక్కడ ఎంత ఎక్కువసేపు ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది. అప్పుడు గబుక్కున పైకి వచ్చేస్తే..? గోళీసోడా కొట్టినప్పుడు ఏమవుతుందో అదే! కరిగిన వాయువు బుడగలై పొంగుతుంది. కీళ్లలో చేరితే భరించలేని నొప్పి. వెన్నుపాములోనో మెదడులోనో చేరితే పక్షవాతం, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన పునాదులు తవ్వినప్పుడు నీటి అడుగున పెద్ద పెట్టెల్లో పనిచేసిన కూలీలను పీడించింది ఈ జబ్బే. ఆ వంతెన కట్టించిన ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా దీని బారినపడి 1872 నుంచి మంచానికే పరిమితమయ్యాడు.

బుడగల గుట్టు నైట్రోజన్‌దేనని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లో తేల్చాడు. ఎంత లోతులో ఎంతసేపుంటే ఎలా పైకి రావాలో పట్టికలు తయారుచేసింది మాత్రం బ్రిటన్‌కు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన ప్రయోగాలు చేసింది మేకల మీద! ఒత్తిడి పెట్టెల్లో మేకలను ఉంచి, బయటికి తీశాక ఏ మేక కాలు ఎత్తి కుంటుతోందో చూసి లెక్కలు కట్టాడు. 1908లో అచ్చయిన ఆ పట్టికల వారసులే ఇప్పుడు డైవర్ల మణికట్టు మీద ఉండే కంప్యూటర్లు.

ఇప్పుడు డైవర్లు వాడే ఓ పట్టిక ప్రకారం మామూలు గాలితో 18 మీటర్ల లోతున దాదాపు 56 నిమిషాలు ఉండొచ్చు. 30 మీటర్లకు వెళ్తే 20 నిమిషాలే. ఆ తర్వాత నేరుగా పైకి రావడానికి వీల్లేదు. దారిలో ఆగి ఆగి రావాలి. సరదాకి దిగేవాళ్లకు అది నిషిద్ధం. అంటే... పడవలో అంతదూరం వెళ్లి, అంత లోతుకి దిగి, సొరచేప కనపడిందో లేదో, అప్పుడే చేతి కంప్యూటర్ ‘ఇక చాలు’ అంటుందన్నమాట.

తండ్రీ కూతుళ్లకు అంతకుముందు ఏడాది జరిగింది అదే. పగడపు గట్టు కింద టేకు చేప ఒకటి ఇసుకలోంచి రెక్కలు దులుపుకుంటూ లేస్తుంటే చూడబోయారు. టైమైపోయింది. అందుకే ఈసారి నైట్రాక్స్ నేర్చుకుందామని వచ్చారు.

దెయ్యపు గ్యాసు

ఇబ్బంది నైట్రోజన్‌తోనైతే దాన్ని తగ్గించేస్తే సరిపోతుంది కదా! సరిగ్గా ఆ ఆలోచనే నైట్రాక్స్. గాలిలో ఆక్సిజన్‌ను 32 శాతానికో 36 శాతానికో పెంచితే నైట్రోజన్ పాలు 68కో 64కో పడిపోతుంది. అమెరికాలో సముద్రాలనూ వాతావరణాన్నీ పరిశీలించే ప్రభుత్వ సంస్థ ‘నోవా’ తన శాస్త్రవేత్తల కోసం ఈ పద్ధతిని పకడ్బందీగా తయారుచేసింది. అక్కడ డైవింగ్ విభాగాన్ని నడిపిన మోర్గాన్ వెల్స్ దీనికి ఆద్యుడు. 1979లో నోవా తన డైవింగ్ మాన్యువల్‌లో ఆ పట్టికలను అచ్చువేసింది. అదే సంస్థలో పనిచేసిన డిక్ రట్కోవ్‌స్కీ 1985లో మామూలు డైవర్లకూ దీన్ని నేర్పడం మొదలుపెట్టాడు.

దాంతో దుమారం రేగింది. ‘ఇది దెయ్యపు గ్యాసు’ అన్నారు. సరదాగా దిగేవాళ్లకు ఇలాంటివి నేర్పితే చచ్చిపోతారన్నారు. 1990ల మొదట్లో నైట్రాక్స్‌ను వ్యతిరేకించినవాళ్లలో పేరున్న పత్రికలూ శిక్షణ సంస్థలూ ఉన్నాయి. అదే దశాబ్దం సగం దాటేసరికి ఆ సంస్థలే కోర్సులు పెట్టాయి. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది డైవర్లు చేసే ప్రత్యేక కోర్సుల్లో ఇదొకటి.

అయితే భయపడినవాళ్ల మాట పూర్తిగా తప్పు కాదు. ఒత్తిడిలో ఆక్సిజన్ కూడా విషమే! ఆ సంగతి కనిపెట్టిందీ పాల్ బెర్టే. ఆక్సిజన్ ఒత్తిడి హద్దు దాటితే మెదడు మీద దెబ్బ కొడుతుంది. చూపు సన్నటి గొట్టంలోంచి చూసినట్టవుతుంది. చెవుల్లో హోరు. కడుపులో తిప్పడం. పెదవులూ చెంపలూ అదరడం. చిరాకు. కళ్లు తిరగడం. ఇవేవీ కనిపించకుండా నేరుగా మూర్ఛ కూడా రావొచ్చు. ఆ మూర్ఛ ఆసుపత్రి మంచం మీద వస్తే నిమిషాల్లో తేరుకుంటారు. నీళ్లలో వస్తే నోట్లో ఉన్న రెగ్యులేటర్ జారిపోతుంది. అంతే!

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళం వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ డైవర్ల మీద ఎన్నో పరీక్షలు చేశాడు. ఆయన తేల్చింది చాలా ఇబ్బందికరమైన నిజం. ఆక్సిజన్‌ను ఎంతవరకు తట్టుకోగలరన్నది మనిషి మనిషికీ మారుతుంది. అదే మనిషికి రోజు రోజుకీ మారుతుంది. నిన్న ఏమీ కాలేదు కాబట్టి ఇవాళా కాదన్న ధీమాకు అక్కడ చోటులేదు. అందుకే హద్దును బాగా ఇవతలే గీశారు. ఆక్సిజన్ ఒత్తిడి 1.4 దాటకూడదు. పొరపాటున ఏదైనా జరిగితే ఆఖరి గోడ 1.6.

క్లాసులో ఓ భాగహారం

కోర్సు పెద్దదేం కాదు. పుస్తకం ముందే చదువుకుని వస్తే ఒక రోజులో పూర్తవుతుంది. కొన్ని సంస్థలు రెండు డైవ్‌లు కూడా చేయిస్తాయి. మరికొన్నింటిలో ఆ డైవ్‌లు ఐచ్ఛికం. కానీ సిలిండర్‌ను స్వయంగా పరీక్షించడం, కంప్యూటర్‌ను సరిచేసుకోవడం చేతులతో చేసి చూపించందే ఎవరికీ కార్డు రాదు.

పాకలాంటి గది. సీలింగ్ ఫ్యాను. తెల్ల బోర్డు మీద శిక్షకుడు రాసిన లెక్క ఆరో తరగతి పిల్లలు కూడా చేయగలిగిందే. 1.4ను ఆక్సిజన్ పాలుతో భాగించాలి. వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేసి పదితో గుణించాలి. అదే ఆ సిలిండర్‌తో దిగదగ్గ గరిష్ఠ లోతు. 32 శాతం అయితే 33 మీటర్లు చిల్లర. 36 శాతం అయితే 28 మీటర్లు చిల్లర. చిల్లరను ఎప్పుడూ వదిలేయాలి. పైకి సవరించకూడదు.

చాలామంది తప్పు అర్థం చేసుకునేది ఇక్కడే. ‘మంచి గాలి కాబట్టి ఇంకా లోతుకు పోవచ్చు’ అనుకుంటారు. నిజం సరిగ్గా దానికి తలకిందులు. ఆక్సిజన్ పెరిగేకొద్దీ దిగదగ్గ లోతు తగ్గుతుంది. పెరిగేది సమయం. మామూలు గాలితో 56 నిమిషాలున్న 18 మీటర్ల లోతున 32 శాతం నైట్రాక్స్‌తో గంటన్నర దాకా గడువుంటుంది. 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలు కాస్తా 30 అవుతాయి.

ఇంకో అపోహ, సిలిండర్ ఎక్కువసేపు వస్తుందని. రాదు. ఎంత పీలిస్తే అంత ఖర్చవుతుంది. నైట్రాక్స్‌తో దిగితే అలసట ఉండదని కొందరు డైవర్లు చెబుతారుగానీ పరిశోధనలు ఆ విషయాన్ని గట్టిగా రుజువు చేయలేదు. లోతున కలిగే నైట్రోజన్ మత్తు తగ్గుతుందన్నదీ అంతే. ఖాయంగా ఒరిగేది ఒక్కటే... ఒంట్లో చేరే నైట్రోజన్ తగ్గడం.

ఆ తర్వాత అసలైన పాఠం. ఆక్సిజన్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. సిలిండర్‌లో 21 ఉందో 36 ఉందో ముక్కు చెప్పలేదు. చెప్పగలిగేది ఆ సబ్బుపెట్టె పరికరం ఒక్కటే. అందులోని సెన్సర్ కూడా బ్యాటరీలాంటిదే. కొన్నేళ్లకు అరిగిపోతుంది. అందుకే ప్రతిసారీ ముందు మామూలు గాలికి పెట్టి 20.9 చూపిస్తోందా లేదా అని పరీక్షించాలి. ఆ తర్వాతే సిలిండర్‌కి పెట్టాలి. వచ్చిన శాతం, గరిష్ఠ లోతు, తారీఖు, పేరు ఓ టేపు మీద రాసి సిలిండర్‌కి అంటించాలి. రిజిస్టర్‌లో సంతకం చేయాలి. పీల్చే మనిషే చేయాలి. నింపినవాళ్లు చెప్పారని, స్నేహితుడు చూశాడని, పడవ వెళ్లిపోతోందని... ఏ కారణంతోనూ ఆ సంతకం ఇంకొకరు పెట్టడానికి లేదు.

‘‘బ్యాంకులో సంతకం లాంటిదన్నమాట’’ అన్నాడు తండ్రి నవ్వుతూ. ఆయన ఉద్యోగం బ్యాంకులోనే.

సాయంత్రం పరీక్ష రాశారు. కూతురికి ఒక్క తప్పూ రాలేదు. తండ్రికి రెండొచ్చాయి. తప్పు చేసిన ప్రశ్నలను శిక్షకుడు మళ్లీ వివరించి, మళ్లీ చేయించి సంతృప్తిపడ్డాకే వదిలాడు.

‘ఏటమ్మా, ఎల్లడం లేదా?’

మర్నాడు పొద్దున్నే ఆ 36.1.

సంగతేమిటని ఆరా తీస్తే తేలింది. ముందు రాత్రి మరో బృందం కోసం 36 శాతం కలిపి నింపిన సిలిండర్ ఒకటి ఈ వరసలోకి వచ్చింది. దానికి అంటించిన టేపు తడికి ఊడిపోయింది. అంతకుమించి ఏమీలేదు. చిన్న పొరపాటు. కానీ ఎవరూ పరీక్షించకుండా, 32 అనుకుని పడవెక్కించి ఉంటే..?

వాళ్లు దిగాలనుకున్నది జానీస్ గార్జ్. అడుగు 30 మీటర్ల దగ్గర. నాలుగింతల పీడనాన్ని 0.36తో గుణిస్తే 1.44. హద్దు 1.4.

‘‘చూశావా, పాయింట్ జీరో ఫోర్. నేను చెప్పలా ఏమీ కాదని! ఆఖరి హద్దు 1.6 కదా’’ అన్నాడు తండ్రి. మర్నాడు మధ్యాహ్నం విమానం. ఆఖరి డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. నైట్రాక్స్ అయినా ఆ నియమం మారదు. అంటే జానీస్‌కి ఇవాళ పొద్దున వెళ్లకపోతే ఇక ఈ ఏడాదికి లేనట్టే. ఏడాది పొడుగునా ఎదురుచూసింది దీనికోసమే.

‘‘అక్కడ కరెంటుంటుంది నాన్నా. కిందకి లాగితే? ఇంకో నాలుగు మీటర్లు దిగితే 1.6కి వచ్చేస్తాం.’’

‘‘లాగదులేమ్మా. ఎన్నిసార్లు దిగాం!’’

ఆ అమ్మాయి కాసేపు సిలిండర్ వైపే చూసింది. ‘‘ఇది నీ సిలిండర్ నాన్నా. నీకు లోపల ఫిట్స్ వస్తే నిన్ను పట్టుకుని పైకి తేవాల్సింది నేనే కదా. నేను తేగలనా?’’ అంది మెల్లగా.

తండ్రి మరి మాట్లాడలేదు. భీమిలి తీరంలో ఆ పిల్లకి నాలుగేళ్లప్పుడు నడుం పట్టుకుని ఈత నేర్పింది ఆయనే. సముద్రంలో ఇంతకాలం చెయ్యి పట్టుకుని నడిపించింది ఆయన, నడిచింది తను.

శిక్షకుడు అంతవరకూ కల్పించుకోలేదు. అప్పుడొచ్చి మూడు దారులున్నాయన్నాడు. మామూలు గాలి సిలిండర్ తీసుకోవడం, అప్పుడు జానీస్‌లో 20 నిమిషాలే. లేదంటే 32 శాతంది కొత్తగా నింపేదాకా ఆగడం, పడవ ఆగదు. మూడోది 36 శాతానికి సరిపోయే చోటుకి వెళ్లడం. పడవలో మిగతావాళ్లంతా కొత్తవాళ్లే. వాళ్లకు ఎక్కడైనా ఒకటే. డిక్సన్స్ పినకిల్‌లో రాతి శిఖరాల నెత్తి పద్దెనిమిది మీటర్లకు అటూఇటుగా తగులుతుంది. 25 మీటర్లు దాటకుండా చుట్టూ తిరిగి రావచ్చు. మామూలు గాలితోనైతే ఆ లోతున అరగంటలోపే. 36 శాతంతో ముప్పావుగంట దాకా గడువు. ‘‘ఇద్దరిలో తక్కువ హద్దున్నవాళ్ల లెక్కే ఇద్దరిదీ’’ అని మాత్రం గుర్తుచేశాడు.

తండ్రి టేపు తీసుకున్నాడు. 36 అని రాశాడు. పక్కన 28 మీటర్లు. తారీఖు. పేరు. మణికట్టు మీద కంప్యూటర్‌ను 32 నుంచి 36కి మార్చాడు. రిజిస్టర్‌లో సంతకం చేశాడు. కూతురి సిలిండర్ సరిగ్గా 32 చూపింది. ఆమె తన లెక్క తాను రాసుకుని సంతకం పెట్టింది.

స్థానికులు డుంగీ అని పిలిచే పడవ. దాని సరంగు తాతగారిది శ్రీకాకుళం జిల్లా. విశాఖ వాళ్లని తెలియగానే ఆయన తెలుగులోకి దిగిపోయాడు.

‘‘ఏటమ్మా, ఇయ్యాల జానీస్‌కి ఎల్లడం లేదా?’’

‘‘లేదు బాబాయ్, డిక్సన్స్‌కే. నాన్న సిలిండర్లో ఆక్సిజన్ ఎక్కువైంది.’’

‘‘ఎక్కువైతే మంచిదే కదేటి?’’

ఆ అమ్మాయి మొత్తం చెప్పింది. సరంగు చుక్కాని వదలకుండా విన్నాడు. ‘‘మా తాతలు ఊపిరి బిగబట్టి దిగీవోరు. మీరు ఊపిరి కొలుసుకుని దిగుతున్నారు. మంచిదే తల్లీ, సముద్రం యాడికీ పోదు’’ అన్నాడు.

ముప్పావుగంట లోకం

వీపుకేసి దూకిన రెండు నిమిషాలకు నీలం తప్ప ఏమీ లేదు. లంగరు తాడు పట్టుకుని దిగుతుంటే ముందు ఓ నీడ. తర్వాత రాతి శిఖరం. దానిమీద గాలికి ఊగే గడ్డిలా మెత్తటి పగడాలు. సముద్రపు పూలలాంటి ఎనిమోన్ల మధ్య నారింజ రంగు క్లౌన్ చేపలు తొంగిచూసి దాక్కుంటున్నాయి. విసనకర్రల్లాంటి రెక్కలు విప్పుకుని లయన్ ఫిష్ ఓ బండకింద వేలాడుతోంది. పళ్లెమంత వెడల్పున్న బ్యాట్ ఫిష్‌ల గుంపు ఒకటి వచ్చి, వీళ్లను కాసేపు చూసి, నచ్చలేదన్నట్టు వెళ్లిపోయింది.

24 మీటర్ల దగ్గర తండ్రి ఆగాడు. కింద రాయి ఇంకా దిగుతూనే ఉంది. అడుగున నల్లగా ఏదో కదులుతోంది. పెద్ద గ్రూపర్ కావచ్చు, సొరచేపే కావచ్చు. కూతురి సిలిండర్‌తోనైతే అక్కడికి వెళ్లొచ్చు. ఆమె హద్దు 33. ఆయన హద్దు 28. ఆయన ఆమె వైపు చూశాడు. ఆ అమ్మాయి కిందకి చూసింది. అరచేతిని అడ్డంగా ఊపి, ‘ఇక్కడే’ అన్నట్టు సైగ చేసింది. ఇద్దరూ రాతి చుట్టూ మెల్లగా తిరగడం మొదలుపెట్టారు.

ఆఖరికి పైకి తెచ్చింది నైట్రోజన్ గడువు కాదు. తండ్రి సిలిండర్‌లో గాలి తగ్గడం. పైకి వచ్చేటప్పుడు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల ఆగుడు. అప్పుడొచ్చింది ఓ తాబేలు. శ్వాస కోసం పైకి వెళ్తూ వీళ్ల మధ్యలోంచి ఈదుకుంటూ పోయింది. దానికి సిలిండర్ లేదు, పరీక్ష లేదు, సంతకం అక్కర్లేదు. ఊపిరి కావాల్సినప్పుడు పైకి పోవాలన్న ఒక్క నియమం తెలుసు.

పడవ ఎక్కాక తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బ్యాగులోంచి లాగ్‌బుక్ తీశాడు. డైవర్లు ప్రతి డైవ్ వివరాలూ అందులో రాసుకుంటారు. తోడు దిగినవాళ్లు కింద సంతకం చేస్తారు. స్థలం, లోతు, సమయం రాశాడు. గాలి అన్నచోట ‘36’ అని రాసి దానికింద గీత గీశాడు.

తర్వాత పుస్తకం కూతురికిచ్చాడు. ‘‘ఇక్కడ నువ్వు పెట్టాలమ్మా సంతకం’’ అన్నాడు.

నేర్చుకోవాలనుకుంటే...

* నైట్రాక్స్ కోర్సుకు ముందు మామూలు స్కూబా డైవింగ్ సర్టిఫికెట్ ఉండాలి. ‘పాడీ’ సంస్థ నియమం ప్రకారం కనీస వయసు 12 ఏళ్లు. 18 మీటర్లు దాటి దిగాలంటే దానికి తగ్గ అడ్వాన్స్‌డ్ శిక్షణ వేరే.

* అండమాన్‌లో డైవింగ్‌కు అనువైన కాలం సుమారుగా నవంబరు నుంచి మే నెల మొదటి వారాల దాకా. వానాకాలంలో సముద్రం పోటుమీద ఉంటుంది.

* ఆస్తమా, గుండె జబ్బులు, మూర్ఛ ఉన్నవాళ్లు ముందుగా డాక్టర్ని సంప్రదించాలి. గర్భిణులు డైవింగ్ చేయకూడదు. ఆరోగ్య పత్రంలో ఏదీ దాచకూడదు.

* ఒకే డైవ్ చేస్తే 12 గంటలు, ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. తిరుగు టికెట్ దాన్నిబట్టే తీసుకోవాలి.

* సిలిండర్ మీద ఎవరు ఏం రాసినా సరే... పీల్చేవాళ్లే స్వయంగా పరీక్షించాలి.